పక్కన కూర్చుని చూసే మనిషి కావాలి

కాన్పయిన ఇంటికి పళ్ళ సంచీతో వచ్చిన ప్రతి ఒక్కరూ, బిడ్డ ఎవరి పోలికో తేల్చేశాక అడిగే మాట ఒకటే: "పాలు పడ్డాయా?" అడిగేవాళ్ళ మనసులో ప్రేమే ఉంటుంది, కాదనను. కానీ కుట్లు లాగుతూ, నడుం పట్టేసి, రాత్రంతా కన్ను మూయని పిల్లకి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంటుంది. తను నోరు తెరిచేలోపే "చాలట్లేదు వదినా, బిడ్డ ఒకటే ఏడుపు" అని పక్కనున్నవాళ్ళెవరో జవాబు చెప్పేస్తారు. సాయంత్రానికి పాలడబ్బా ఇంట్లోకొస్తుంది.

చెల్లీ, ఈ నెల ముచ్చట్లు నీతోనే. మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చి, బిడ్డని ఒళ్ళో వేసుకుని, తలుపు దగ్గరగా వేసుకుని ఏడుస్తున్నావే, నీతో. నీకు పాలు లేవని తేల్చే హక్కు, నీ బిడ్డ పాలు తాగుతుంటే మొదటినించీ చివరిదాకా పక్కన కూర్చుని చూడని మనిషికి లేదు. అమ్మకైనా, అత్తగారికైనా, రౌండ్స్‌కొచ్చి రెండు నిమిషాలు నిలబడి వెళ్ళిపోయే డాక్టర్ గారికైనా సరే. అలా కూర్చుని చూడటమే పనిగా నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడకు, ఆలస్యం చెయ్యకు.

ముందు ఆ మొదటి రోజుల సంగతి చెబుతాను. పుట్టిన బిడ్డకి మొదటి రెండు రోజులూ దొరికేవి ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, చెంచాడు చెంచాడే వస్తాయి. పిండితే చుక్కే కదా వచ్చింది అని కంగారు పడతారు గానీ, ఆ బుజ్జి కడుపుకి అప్పుడు కావలసింది అంతే. రొమ్ములు బరువెక్కి పాలు పొంగడం మామూలుగా రెండో రోజు నించి ఐదో రోజు మధ్య మొదలవుతుంది. మొదటి కాన్పయినా, ఆపరేషనయినా, తల్లికి షుగరున్నా ఇంకాస్త ఆలస్యం కావచ్చు. పుట్టిన బిడ్డ మొదట్లో కాస్త బరువు తగ్గడం కూడా మామూలే. పుట్టిన బరువులో నూటికి ఏడు వంతుల దాకా తగ్గితే పెద్దగా కంగారు లేదు, పది దగ్గరికొస్తే మాత్రం ఎవరైనా శ్రద్ధగా చూడాలి. రెండు వారాలు తిరిగేసరికి ఆ బరువు వెనక్కి రావాలి.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రిలోనే అవుతున్నాయి. చాలా మంచి మాట. కానీ అదే సర్వేలో అక్కడ నూటికి 60 పైగా సిజేరియన్లు, ఆంధ్రప్రదేశ్‌లో 42 పైగా. పుట్టిన గంటలోపు తల్లి రొమ్ము అందిన బిడ్డలు తెలంగాణలో నూటికి 37 మందే. డాక్టరున్నాడు, ఆపరేషన్ థియేటరుంది, ఏసీ గదుంది. బిడ్డని తల్లి గుండెల మీద పడుకోబెట్టి, ఇదిగో ఇలా పట్టించు అని చెప్పే మనిషి లేదు. మందు మత్తు పూర్తిగా వదలకముందే "బిడ్డకి ఆకలేస్తోంది, డబ్బా తెచ్చుకోండి" అన్న చీటీ బయట నిలబడ్డ నాన్న చేతిలో పడుతుంది. ఆ చీటీ అవసరమైన బిడ్డలు ఉంటారు. అందరికీ అవసరమా అన్నదే నా ప్రశ్న.

రెండో రోజు రాత్రి బిడ్డ దించితే ఏడుస్తుంది, పట్టిస్తే ఐదు నిమిషాలు చప్పరించి నిద్రపోతుంది, మళ్ళీ ఏడుస్తుంది. తెల్లారేదాకా ఇదే వరస. ఇది చూసే అందరూ పాలు లేవని తీర్మానిస్తారు. నిజానికి బిడ్డ అలా పదే పదే పీకడం వల్లే ఒళ్ళు పాలు తయారుచెయ్యడం అందుకుంటుంది. రోజుకి ఎనిమిది నించి పన్నెండు సార్లు తాగడం కొత్త బిడ్డకి మామూలు లెక్క. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు తయారవుతాయి, నిండుగా ఉండిపోతే తయారీ మందగిస్తుంది. అందుకే "రొమ్ములో పాలు నిండేదాకా ఆగి పట్టించు" అన్న సలహా ఎంత ప్రేమగా చెప్పినా పని చెయ్యదు. డబ్బా పాలతో కడుపు నిండి బిడ్డ నాలుగు గంటలు పడుకుందంటే నీ రొమ్ముకి ఆ నాలుగు గంటలూ పని లేనట్టే. మర్నాడు పాలు తగ్గినట్టు కనిపిస్తాయి, ఇంకో రెండు చెంచాల పొడి పెరుగుతుంది. అలా అలా మూడో వారానికి "నాకు పాలు రాలేదక్కా" అంటావు.

మా పిన్ని కూతురికి హైదరాబాదులో కాన్పయినప్పుడు నేను పక్కనే ఉన్నాను. చనుమొనలు రెండూ చిట్లి రక్తం చెమర్చాయి. బిడ్డ ఏడుపు వినిపిస్తే చాలు, ఆ పిల్ల కాళ్ళవేళ్ళు ముడుచుకుపోయేవి. "మొదట్లో అందరికీ అంతేనే, అలవాటైపోతుంది" అంది పిన్ని. తనూ అలాగే ఓర్చుకుని ఇద్దర్ని పెంచింది మరి. ఆ ఆస్పత్రిలోనే పాలివ్వడంలో సాయం చేసే కౌన్సిలర్ ఒకావిడ ఉందని నర్సమ్మ చెబితే పిలిపించాం.

ఆవిడ వచ్చి రొమ్ము మీదా చెయ్యి వెయ్యలేదు, బిడ్డ మీదా వెయ్యలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని "నువ్వు రోజూ ఎలా పట్టిస్తావో అలాగే పట్టించమ్మా, నేను చూస్తాను" అంది. మా పిల్ల ముందుకి వంగి, ఒక చేత్తో బిడ్డ తల వెనక పట్టి రొమ్ముకేసి నొక్కింది. ఆవిడ ఏమీ అనకుండా చూసింది. బిడ్డ వదిలాక చనుమొన చూపించమంది. ఒక పక్కకి నొక్కుకుపోయి, కొన తెల్లగా పాలిపోయి ఉంది. "బిడ్డ మొన ఒక్కటే పట్టుకుంటున్నాడు, అందుకే ఈ నొప్పి. నీ పాలల్లో ఏ లోపం లేదు" అంది.

తర్వాత ఒక్కొక్కటే సర్దింది. ముందు నడుం వెనక దిండు పెట్టి వెనక్కి వాలమంది. మోచేతి కింద మడతపెట్టిన టవల్ పెట్టింది. పిన్ని గట్టిగా చుట్టిన మెత్తటి పాతచీర ముక్క విప్పించి బిడ్డ చేతులు బయటికి తీయించింది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనేలా మొత్తం తిప్పించింది. అంతవరకూ బిడ్డ వెల్లకిలా పడుకుని మెడ ఒక్కటే తిప్పి తాగుతున్నాడు, మెడ అలా తిప్పుకుని గుటక వెయ్యడం పెద్దవాళ్ళకే కష్టం. చెయ్యి తల మీద నించి తీసి, బొటనవేలూ చూపుడువేలూ చెవుల కింద వచ్చేలా మెడ వెనక పట్టించింది. బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా ఉంచి ఆగమంది. "ఆగు. ఇంకా ఆగు. ఆవలించినంత నోరు తెరవనీ." వాడు తల కాస్త వెనక్కి వాల్చి నోరు బాగా తెరిచాడు. "ఇప్పుడు బిడ్డని రొమ్ము దగ్గరికి తే, రొమ్ముని బిడ్డ దగ్గరికి తేకు. గడ్డం ముందు ఆనాలి."

గడ్డం ఆనింది, కింది పెదవి బయటికి తిరిగింది, మొన చుట్టూ ఉండే నల్లటి భాగం పైవైపే కాస్త కనిపిస్తోంది. వాడు గబగబా చప్పరించాడు, తర్వాత నెమ్మదించాడు, దవడ చెవి దాకా కదలడం మొదలైంది. నెమ్మదిగా ఒక గుటక వినిపించింది. ఇంకోటి. అప్పుడు రెండో రొమ్ము నించి పాలు కారి జాకెట్టు తడిసింది, చేపుకొచ్చాయన్నమాట. మా పిల్ల కాళ్ళకేసి చూశాను. వేళ్ళు ముడుచుకుని లేవు.

ఆ పూటతో అన్నీ సర్దుకున్నాయని చెప్పను. చిట్లినచోట మానడానికి రోజులు పట్టింది, ఆవిణ్ణి మళ్ళీ పిలవాల్సొచ్చింది, రాత్రిళ్ళు పడుకుని పాలివ్వడం విడిగా నేర్చుకోవలసొచ్చింది. కానీ పాలివ్వాలంటే భయపడటం ఆగిపోయింది. మొదట్లో ఒకటి రెండు క్షణాలు లాగినట్టుంటే సరే. తాగుతున్నంతసేపూ పళ్ళు బిగబట్టుకునేంత నొప్పి ఉంటే మాత్రం ఎక్కడో సరిగ్గా పట్టుకోలేదని అర్థం. అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు, ఎవరికైనా చూపించుకోవలసిన నొప్పి.

మరి మన పెద్దవాళ్ళు ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడుగుతావు. వాళ్ళు చూసి నేర్చుకున్నారు. పెదనాన్న ఇంట్లో ఒక వదిన, పక్కవాటాలో ఒక పిన్ని, అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతూ పాలిచ్చేవాళ్ళు. పదేళ్ళ పిల్ల కూడా ఆ పక్కనే గవ్వలాడుతూ చూసేది. నువ్వు ఇంజనీరింగ్ చదివి, హాస్టల్లో ఉండి, ఉద్యోగం చేసి, నీ జీవితంలో దగ్గరగా చూసిన మొదటి పసిబిడ్డ నీ బిడ్డే. నీకు రాకపోవడం నీ తప్పెలా అవుతుంది?

అమ్మావాళ్ళ దగ్గర తీసుకోవలసినవి ఎన్నో ఉన్నాయి. వేళకి వేడివేడిగా అన్నం పెట్టడం, నలుగు పెట్టి నీళ్ళు పొయ్యడం, నువ్వు కునుకు తీస్తుంటే బిడ్డని ఎత్తుకు తిరగడం, ఇవేవీ ఏ కౌన్సిలరూ చెయ్యలేదు. వెల్లుల్లి కారమో, సొరపుట్టో నోటికి రుచిగా ఉంటే తిను. పాలు పెరగడానికి అసలు మందు మాత్రం బిడ్డ సరిగ్గా పట్టి, తరచుగా తాగడమే. పథ్యం పేరుతో నీళ్ళు కట్టేస్తే, కూరలు మాన్పిస్తే మాత్రం ఒప్పుకోకు. నీకు దాహమేస్తుంది, ఆకలేస్తుంది, అది సహజం. తేనె నాకించడం, పంచదార నీళ్ళు పట్టడం, ఆముదం పొయ్యడం వద్దని ఇంట్లో మెత్తగానైనా గట్టిగానే చెప్పాలి. ఏడాది నిండని బిడ్డకి తేనె ప్రమాదం. ఆరు నెలలదాకా తల్లిపాలు చాలు, ఎండాకాలంలో కూడా మంచినీళ్ళు అక్కర్లేదు.

ఇక ఎవర్ని పిలవాలన్న మాట. ఊళ్ళో ఉంటే ముందు ఆశమ్మ ఉంది. ఆస్పత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడటం ఆవిడ పని. ఆవిడ వచ్చినప్పుడు కార్డు మీద సంతకం పెట్టి పంపెయ్యకు, "ఒక్కసారి నేను పాలిచ్చేది చూసి వెళ్ళమ్మా" అని కూర్చోబెట్టు. 2016లో కేంద్రం 'మా' అన్న పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమంలో ఆశలకీ ఏఎన్ఎంలకీ ఇదే నేర్పించమన్నారు. పల్లె దవాఖానాలోనో, విలేజ్ క్లినిక్‌లోనో, పీహెచ్‌సీలోనో ఉన్న స్టాఫ్ నర్సుని అడుగు. తెలంగాణలో 2017లో మొదలైన మిడ్‌వైఫరీ శిక్షణ పొందిన నర్సులు ఉన్నారు. వాళ్ళలో ఒకరు దొరికితే వదలకు. నెలలు నిండకుండా పుట్టి పెట్టెలో ఉన్న బిడ్డయితే, హైదరాబాదు నీలోఫర్‌లో ధాత్రి పాలబ్యాంకు ఉంది. వేరే తల్లులు దానం చేసిన పాలని పరీక్షించి, వేడిచేసి, అలాంటి బిడ్డలకి పడతారు. తల్లి తన పాలు పిండి తీసుకోవడం నేర్పించే మనుషులు కూడా అలాంటి చోట్లే దొరుకుతారు.

పెద్ద ఊళ్ళలో ల్యాక్టేషన్ కన్సల్టెంట్లు ఉన్నారు. ఐబీసీఎల్‌సీ అని పేరు పక్కన రాసుకున్నవాళ్ళు 1985 నించి ప్రపంచమంతా ఒకే పద్ధతిలో జరుగుతున్న పరీక్ష రాసి ప్యాసైనవాళ్ళు. అది లేనివాళ్ళందరూ పనికిరారని కాదు, మంచి శిక్షణ ఉన్న నర్సులూ, ఫిజియోథెరపిస్టులూ ఉన్నారు. ఎక్కడ నేర్చుకున్నారో అడుగు. ఒక ఫీడ్ మొత్తం చూస్తారా అని అడుగు. ఫోన్లో ఫొటో చూసి "మీకు పాలు తక్కువ, ఈ పొడి కొనండి" అనేవాళ్ళని నమ్మకు. అసలు డబ్బాపాలకి ప్రకటనలివ్వడం, ఉచితంగా శాంపిళ్ళు పంచడం, ఆస్పత్రుల ద్వారా ప్రచారం చేసుకోవడం మన దేశంలో 1992 చట్టం ప్రకారం నేరం. నీ మంచం పక్కకొచ్చి ఎవరైనా డబ్బా ఉచితంగా ఇస్తుంటే ఆ మాట నీకు గుర్తుండాలి.

అమెరికాలో ఉన్న మన అమ్మాయిలకి ఒక మాట. అక్కడ 2010 ఆరోగ్య చట్టం వచ్చాక చాలా ఇన్సూరెన్సులు పాలివ్వడంలో సాయానికీ, పంపుకీ డబ్బు కట్టాలి. ఏడో నెలలోనే ఫోన్ చేసి కనుక్కో. ఇండియా నించి అమ్మ వచ్చిందని ఆ అపాయింట్‌మెంటు మానుకోకు. బ్రిటన్‌లో అయితే మిడ్‌వైఫ్ ఇంటికే వస్తుంది, ఆవిణ్ణి అడుగు.

పాలు సరిపోతున్నాయో లేదో తెలిసేది ఏడుపుని బట్టి కాదు, బట్టలని బట్టి. ఐదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరు సార్లయినా ఒంటికి పోసి గుడ్డలు బాగా తడవాలి. నల్లటి మలం పోయి పసుపుపచ్చగా రావాలి. బరువు పెరగాలి. ఇవి బాగున్నప్పుడు సాయంత్రం పూట గంటగంటకీ రొమ్మడిగినా, ఆరో వారానికి రొమ్ములు మెత్తబడి ఖాళీ అనిపించినా భయం లేదు. ఇవి బాగా లేకపోతే మాత్రం, బిడ్డ పాలకి కూడా లేవకుండా మగతగా పడుంటే, మూత్రం తగ్గి ముదురు రంగులో వస్తుంటే, పచ్చకామెర్లు కాళ్ళదాకా దిగితే, ఆ రోజే పిల్లల డాక్టరుకి చూపించాలి. కౌన్సిలర్ అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు.

ఒకటి చెప్పకుండా దాటెయ్యలేను. నిజంగానే పాలు తక్కువ పడే తల్లులు ఉన్నారు. కాన్పులో రక్తం విపరీతంగా పోయినా, మాయముక్క లోపల మిగిలిపోయినా, థైరాయిడ్ సరిగ్గా లేకపోయినా, రొమ్ముకి ఇంతకుముందు ఆపరేషనయినా, పుట్టుకతోనే పాలగ్రంథులు సరిగ్గా ఎదగకపోయినా అలా జరుగుతుంది. బిడ్డ నాలుక కింది పొర బిగుతుగా ఉండి లాగలేకపోవడమూ ఉంటుంది. వీటిని కనిపెట్టాలన్నా చూసే మనిషే కావాలి. తాగకముందూ తాగాకా సన్నటి తూకం మీద బిడ్డని తూచి ఎన్ని పాలు లోపలికెళ్ళాయో చెబుతారు, రక్తపరీక్షకి డాక్టరు దగ్గరికి పంపుతారు. అప్పుడు డబ్బాపాలు కావలసొస్తే ఇవ్వు. ఉగ్గుగిన్నెతో పట్టు, ఉన్నన్ని నీ పాలూ ఇవ్వు, తలెత్తుకునే ఇవ్వు. నా కోపం డబ్బా మీద కాదమ్మా, చూడకుండానే చేతిలో పెట్టే డబ్బా మీద.

రొమ్ములో గడ్డ కట్టి, ఎర్రబడి, చలిజ్వరం వస్తే పాలివ్వడం ఆపమంటారు. ఆపకు. ఆ పాలు బిడ్డకి చెడు చెయ్యవు. గట్టిగా పిసికి, వేడినీళ్ళ కాపడం పెట్టి మర్దనా చెయ్యడం మన ఇళ్ళలో అలవాటు. దానివల్ల వాపు పెరుగుతుందని ఇప్పుడు డాక్టర్లు చల్లటి గుడ్డ వెయ్యమంటున్నారు. ఒక రోజులో తగ్గకపోయినా, జ్వరం ఎక్కువున్నా డాక్టరుకి చూపించి మందు వాడు. పాలిచ్చే తల్లులు వాడగలిగిన యాంటీబయాటిక్స్ ఉన్నాయి, పాలిస్తున్నానని చెప్పి రాయించుకో.

ఇంకా, ఊరికే కన్నీళ్ళొస్తున్నాయా? మొదటి వారం పది రోజులు చాలామందికి వస్తాయి. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డని చూస్తే ఏమీ అనిపించకపోతే, అది పాలకి సంబంధించిన సంగతి కాదు, వైద్యం ఉన్న జబ్బు. మీ ఆయనకి చెప్పు, డాక్టరుకి చెప్పు.

ఉద్యోగానికి వెళ్ళే రోజు గురించి ఇప్పట్నించే బెంగ పెట్టుకున్నావని తెలుసు. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకీ జీతంతో 26 వారాల సెలవు వచ్చింది. యాభై మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న ఆఫీసులో పిల్లల్ని ఉంచే గది ఉండాలి, రోజుకి నాలుగు సార్లు వెళ్ళి చూసుకోవచ్చు. బిడ్డకి పదిహేను నెలలొచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు చట్టంలో ఉన్నాయి. పాలు ఎలా పిండాలో, మన ఎండల్లో ఎలా దాచాలో ఉద్యోగంలో చేరడానికి ఓ నెల ముందే ఆ కౌన్సిలర్ దగ్గరే మళ్ళీ నేర్చుకో. పిండిన పాలు ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు బాగుంటాయి. తలుపు అరలో పెట్టకు.

సరే, రేపు కౌన్సిలర్ దగ్గరికి వెళ్తున్నావు కదా. బిడ్డ పుట్టిన బరువు రాసున్న డిశ్చార్జి కాయితం పట్టుకెళ్ళు. ఎన్ని గుడ్డలు తడిశాయో ఓ కాయితం మీద గీతలు పెట్టుకుని వెళ్ళు. పంపో, చనుమొన తొడుగో వాడుతుంటే అవీ తీసుకెళ్ళు. దారిలో ఏడుస్తుందని బయల్దేరే ముందు బిడ్డకి కడుపు నింపెయ్యకు. నిద్రపోతున్న బిడ్డతో వెళ్తే ఆవిడకి చూడటానికేం ఉండదు. అమ్మనో అత్తయ్యగారినో వెంట తీసుకెళ్ళి ఆ గదిలోనే కూర్చోబెట్టు. ఆవిడ చెప్పేది వాళ్ళూ వింటే, రాత్రి రెండింటికి బిడ్డ లేచినప్పుడు నువ్వు ఒక్కదానివే వాదించుకోనక్కర్లేదు.